సింగిల్ షాట్ రైఫిల్ కొనాలా, చేయించుకోవాలా? ఏ యాక్షన్ ఎవరికి నప్పుతుంది

"అన్నా, షార్ప్స్ తీసుకోనా, హై వాల్ తీసుకోనా?" అని అమెరికాలో రేంజ్ దగ్గర కలిసిన మనవాళ్ళు అడుగుతుంటారు. రెండూ ఒక్కసారికి ఒక్క తూటా పట్టే పాతకాలపు తరహా రైఫిళ్ళు. నేను మాత్రం ముందు వీసా సంగతి అడుగుతాను. నవ్వుతారు గానీ అసలు చిక్కు అక్కడే ఉంది. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం మాట అటుంచి, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి మినహాయింపులు కొన్నే ఉన్నాయి, మనలాంటివాళ్ళకు పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉంటే ఫెడరల్ స్థాయిలో ఈ అడ్డు లేదు, ఆపైన రాష్ట్రాల రూల్స్ ఎవరివి వాళ్ళవి. రైఫిల్ ఎంచుకోవడానికి ఆరు నెలలు వీడియోలు చూసేవాళ్ళు ఈ ఒక్క విషయానికి లాయరుతో అరగంట మాట్లాడరు, అదే నాకు అర్థం కాదు.

ఇంటికి పట్టుకెళ్తాం, ఊళ్ళో మామయ్య పొలంలో అడవిపందులకు పనికొస్తుంది అనే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద ముందు లైసెన్సు ఉండాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. లైసెన్సు లేకుండా తయారుచేస్తే శిక్ష ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. చేతిపనితో సింగిల్ బారెల్ తుపాకులు చేసే సంప్రదాయం మన దగ్గర లేదని కాదు, బీహార్‌లోని ముంగేర్‌లో లైసెన్సు ఉన్న చిన్న ఫ్యాక్టరీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. కానీ అది వేరే లోకం. ఇక్కడ రాసేదంతా అమెరికాలో చట్టప్రకారం కొనుక్కోగలిగినవాళ్ళ కోసం.

ఇంకొకటి కూడా చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. మా నాన్న బాలానగర్‌లో లేత్ మీద బతికిన మనిషి, నేను ఆకురాయి శబ్దం మధ్య పెరిగాను, ఇక్కడ మా గరాజ్‌లో ఒక పాత లేత్, చిన్న మిల్లింగ్ మిషను ఉన్నాయి. "మరి నువ్వే ఒకటి చేసుకోవచ్చుగా" అంటారు. చేసుకోను. .30-06 తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి గరిష్ఠంగా చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా ఉంటుంది, దాన్ని ఆపే ఉక్కు దిమ్మ నా బుగ్గకు నాలుగైదు అంగుళాల దూరంలో ఉంటుంది. ఉక్కు కోయడం నాకు వచ్చు, ఆ ఉక్కుకు సరిగ్గా ఎంత పదును పెట్టాలో (అంటే కాల్చి చల్లార్చి ఎంత గట్టిపరచాలో) తేల్చడం, పెట్టింది సరిగ్గా పడిందో లేదో పరీక్షించడం వేరే చదువు. అందుకే నేను కొనేవాడిగా, చేయించుకునేవాడిగా రాస్తున్నాను. షాపు పని తెలిసినందువల్ల నాకు కలిగిన లాభం ఒక్కటే, చేసేవాడిని ఏం అడగాలో తెలుసు.

సరే. ఒక్కసారికి ఒక్క తూటా పట్టే రైఫిల్ ఎందుకు అంటే, నా లెక్కలో మూడు కారణాలు. మ్యాగజైను, బోల్టు వెనక్కీ ముందుకీ కదలడానికి కావలసిన చోటు ఉండవు కాబట్టి బ్యారెల్ అంతే పొడవున్నా మొత్తం తుపాకీ దాదాపు నాలుగంగుళాలు పొట్టిగా వస్తుంది. రెండు, కదిలే భాగాలు తక్కువ. మూడోది మనసుకు సంబంధించింది, రెండో తూటా లేదని తెలిసినప్పుడు మొదటిదాన్ని జాగ్రత్తగా వదులుతాం. నాకు అసలు కారణం మూడోదే, మిగతా రెండూ మా ఆవిడకు చెప్పుకోవడానికి.

ఎంచుకునేటప్పుడు అందరూ క్యాలిబర్‌తో, అంటే తూటా కొలతతో మొదలుపెడతారు. అది తప్పు వరస. ముందు యాక్షన్ ఎంచుకోవాలి, అంటే బ్యారెల్ వెనక తలుపు తెరిచి మూసే పద్ధతి. ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందనేదాన్ని బట్టే తూటా ఎంత సులువుగా పెడతారు, పేలిన తూటా ఖాళీ గుల్ల ఎలా బయటికి వస్తుంది, బ్యారెల్ ఎటువైపు నుంచి తుడుస్తారు, ట్రిగ్గర్ నొక్కాక ఎంతసేపటికి పేలుతుంది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, ఇవన్నీ తేలిపోతాయి. క్యాలిబర్ ఆ తర్వాత.

షార్ప్స్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరి కలా అదే. క్రిస్టియన్ షార్ప్స్ పేటెంటు 1848 నాటిది, జనం మోజుపడేది మాత్రం 1874 మోడల్. ట్రిగ్గర్ గార్డే లీవరు, దాన్ని కిందికి లాగితే తలుపుగా ఉండే ఉక్కు దిమ్మ నిలువుగా కిందికి జారుతుంది, దీన్నే ఫాలింగ్ బ్లాక్ అంటారు. పక్కన పెద్ద సుత్తి, ట్రిగ్గర్ నొక్కితే అది పడి తూటాను పేలుస్తుంది. అసలు కంపెనీ 1881లో మూతపడింది, ఇప్పుడు మోంటానాలోని బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్ళో షైలో షార్ప్స్, సి. షార్ప్స్ అని రెండు కంపెనీలు కొత్తగా చేస్తున్నాయి. ఇటలీలో పెడర్సోలి కూడా చేస్తుంది. అందం విషయంలో దీనికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ బరువు. పది పౌండ్లంటే తేలికపాటిదని అర్థం, పదమూడు పద్నాలుగు మామూలే. ఆ పెద్ద సుత్తి పడటానికి పట్టే సమయం ఎక్కువ, అంత సేపూ మీ చెయ్యి కదలకుండా ఉండాలి. బ్లాక్ పౌడర్‌తో కాల్చేవాళ్ళకు (అంటే పొగ వచ్చే పాతకాలపు తుపాకి మందు, తెలుగులో నల్లమందు అంటే అభిని అయిపోతుంది కాబట్టి ఇలాగే అందాం) దీన్ని తుడుచుకోవడం కొంచెం ఓపిక పని, అయితే లీవరు పిన్ను తీస్తే దిమ్మ మొత్తం చేతికి వచ్చేస్తుంది, బ్యారెల్‌ను వెనకనుంచి తుడుచుకోవచ్చు, అది పెద్ద సుఖం.

షార్ప్స్ అనగానే చెప్పే కథ ఒకటుంది. 1874 జూన్‌లో టెక్సస్‌లోని అడోబీ వాల్స్ దగ్గర బిల్లీ డిక్సన్ అనే వేటగాడు దాదాపు మైలు దూరంలో గుర్రం మీదున్న మనిషిని కొట్టాడని. తర్వాత 1,538 గజాలని కొలిచారంటారు. ఆ రైఫిల్ అతనిది కూడా కాదు, అరువు తెచ్చుకున్నది, అది గుడ్డిగా తగిలిన దెబ్బేనని అతనే ఒప్పుకున్నాడు. ఇది విని షార్ప్స్ కొనేవాళ్ళు ఉన్నారు. ఈ రైఫిళ్ళతోనే కొద్ది ఏళ్ళలో దక్షిణ మైదానాల్లో అడవిదున్నల మందలను తుడిచిపెట్టారు, వాటి మీద బతికిన జాతులను ఆకలికి వదిలేశారు అన్నది మాత్రం అమ్మేవాళ్ళ క్యాటలాగుల్లో ఉండదు.

రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ దీనికి పూర్తిగా వేరు. లీవరు లేదు. సుత్తిని వెనక్కి లాగి, దాని ముందున్న దిమ్మను బొటనవేలితో వెనక్కి దొర్లిస్తే తలుపు తెరుచుకుంటుంది. సుత్తి పడేటప్పుడు దాని కింది భాగం దిమ్మ కిందకు దూరి తాళం వేస్తుంది. ఇంత తక్కువ భాగాలతో ఇంత గట్టి ఏర్పాటు చేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. డెన్మార్క్ సైన్యం 1867లో తీసుకుంది, ఈజిప్టు తీసుకుంది, మొత్తం పది లక్షలకు పైనే చేశారు. అందుకే పాతవి ఇప్పటికీ దొరుకుతాయి, మిగతావాటికంటే చవకగా. లోపం ఏమిటంటే తూటాను లోపలికి నొక్కే బలం, గుల్లను బయటికి లాగే బలం రెండూ తక్కువ, అన్నీ వేలి బలం మీదే నడవాలి. గుల్ల ఇరుక్కుంటే వెనకనుంచి కడ్డీతో తోయాలి. సుత్తి కూడా బరువే.

షార్ప్స్ మంచిదా రోలింగ్ బ్లాక్ మంచిదా అనే గొడవ నూట యాభై ఏళ్ళ నాటిది, దానికి తీర్పు కూడా ఒకలాగా అప్పుడే వచ్చింది. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో క్రీడ్‌మూర్ రేంజ్‌లో ఐర్లండ్ జట్టుకూ అమెరికా జట్టుకూ పోటీ జరిగింది, 800, 900, 1000 గజాల్లో. ఐరిష్ వాళ్ళవి మూతినుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్ళు, అప్పటికి ప్రపంచంలో మేటి. అమెరికా జట్టులో ఆరుగురు, ముగ్గురు రెమింగ్టన్‌తో, ముగ్గురు షార్ప్స్‌తో. చివరి తూటా జాన్ బోడైన్‌ది, అంతకు ముందే పగిలిన జింజర్ బీరు సీసా అతని చేతిని కోసేసింది, గుడ్డ చుట్టుకుని పడుకుని కాల్చి నడిమధ్యలో కొట్టాడు. 934కు 931, మూడు పాయింట్ల తేడా. ఐరిష్ జట్టులో ఒకాయన పొరపాటున పక్క టార్గెట్ నడిమధ్య కొట్టాడు, సున్నా వేశారు. అంటే ఫలితాన్ని మార్చింది తలుపు ఎలా తెరుచుకుందన్నది కాదు, ఎవరు ఏ టార్గెట్ చూశారన్నది. ఈ పోటీ సంగతి తెలిసినవాడెవడూ యాక్షన్ మారిస్తే నా గురి బాగుపడుతుంది అనుకోడు. యాక్షన్ ఎంచుకునేది గురి కోసం కాదు, రోజూ వాడుకునే తీరు కోసం.

ఇప్పుడు నాకు ఇష్టమైనది. 1879లో, ఇప్పటి యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో ఇరవై నాలుగేళ్ళ జాన్ బ్రౌనింగ్ ఒక సింగిల్ షాట్ రైఫిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. అన్నదమ్ములు కలిసి ఆవిరితో నడిచే చిన్న షాపులో చేతిపనిగా దాదాపు 600 దాకా చేసి ఒక్కోటీ 25 డాలర్లకు అమ్మారు. ఆ రైఫిల్ వించెస్టర్ కంపెనీవాళ్ళ కంటపడింది, వాళ్ళ మనిషి రైలెక్కి ఆగ్డెన్ వచ్చి 1883లో 8,000 డాలర్లకు హక్కులు కొనుక్కుని వెళ్ళాడు. అదే వించెస్టర్ 1885 మోడల్. రిసీవర్ (దిమ్మ, సుత్తి కూర్చునే ఉక్కు పెట్టె, ఫ్రేము అన్నా అదే) గోడలు ఎత్తుగా ఉన్నది హై వాల్, పెద్ద తూటాలకు. గోడలు దిగువగా ఉన్నది లో వాల్, చిన్నవాటికి, వేళ్ళతో తూటా పెట్టడం అందులో సులువు. 1920 దాకా దాదాపు లక్షా నలభై వేలు చేశారు.

ఇది షార్ప్స్‌లాగే ఫాలింగ్ బ్లాక్, కానీ సుత్తి పక్కన కాకుండా మధ్యలో ఉంటుంది, దిమ్మతోపాటే కిందికి దిగుతుంది. భాగాలు తక్కువ, సుత్తి తేలిక, కాబట్టి త్వరగా పేలుతుంది. రిసీవర్ సన్నగా, నాజూకుగా ఉంటుంది, పట్టుకుని నడిస్తే బరువు సరిగ్గా చేతిలో పడుతుంది. ఆ డిజైన్‌లో మిగిలిన బలం చాలా ఉంది, అందుకే బ్లాక్ పౌడర్ రోజుల్లో పుట్టినది పొగరాని మందు వచ్చాక కూడా నిలబడింది. ఇప్పుడు జపాన్‌లోని మిరోకు ఫ్యాక్టరీలో నేటి ఉక్కుతో చేసి వించెస్టర్ పేరుతో అమ్ముతున్నారు. ఇటలీ ఉబెర్టీ కూడా చేస్తుంది, పాతదాని పోలికకు అది దగ్గర. చేయించుకునేవాళ్ళ విషయానికి వస్తే, చిన్న షాపుల్లో తుపాకులు చేసే, బాగుచేసే గన్‌స్మిత్‌లలో ఎక్కువమందికి చేతి అలవాటు ఉన్న యాక్షన్ ఇదే, విడిభాగాలు దొరుకుతాయి, ఆయన పోయినా ఇంకొకరు బాగుచేయగలరు. ఈ చివరి మాట చాలామంది ఆలోచించరు.

బ్యాలర్డ్ గురించి రెండు ముక్కలు. మార్లిన్ 1875 నుంచి పదిహేనేళ్ళకు పైగా చేసింది, జర్మన్ వలస కుటుంబాలు ఆడే షూట్జెన్ పోటీల్లో, అంటే నిలబడి 200 గజాల్లో కాల్చే ఆటలో, దీనిదే రాజ్యం. ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది. కానీ ఫ్రేము బలం తక్కువ, తేలికపాటి సీసపు తూటాలకే. ఈ ఆటలో పేరున్న బ్యారెల్ మేకర్ హ్యారీ పోప్, జెర్సీ సిటీలో చెత్తకుప్పలాంటి షాపులో ఒక్కడే పనిచేస్తూ ఒక్కో బ్యారెల్‌కు ఏళ్ళు తీసుకునేవాడు, గడువు అడిగితే ఒప్పుకునేవాడు కాదు. అది ఆయనకు చెల్లింది. మీ గన్‌స్మిత్ పోప్ కాదు, కాబట్టి గడువు అడగండి.

మార్టినీ మన చరిత్రకు దగ్గరిది. 1871లో బ్రిటిష్ సైన్యం మార్టినీ-హెన్రీ తీసుకుంది, అయినా 1857 భయం పోక మన సిపాయిల చేతిలో చాలాకాలం ఒక తరం పాత స్నైడర్లే ఉంచారు, తెల్లవాళ్ళకు కొత్తది వచ్చాక పాతది మనవాళ్ళకు. దిమ్మ వెనక చివర కీలు మీద వేలాడుతుంది, లీవరు నొక్కితే ముందు భాగం కిందికి వంగుతుంది, లోపలి సూది దానంతట అదే సిద్ధమవుతుంది, బయట సుత్తి లేదు. ఒకటి తర్వాత ఒకటి త్వరగా కాల్చడంలో పాతవాటిలో దీన్ని మించింది లేదు. కానీ వెనకనుంచి బ్యారెల్ తుడవడం కుదరదు, మూతినుంచే కడ్డీ దూర్చాలి, అజాగ్రత్తగా చేస్తే మూతి దగ్గర బ్యారెల్ లోపలి గాడులు అరిగి గురి పోతుంది. పెద్ద మార్టినీ జోలికి వెళ్ళకండి, తూటాలు దొరకవు, దొరికినా ఖరీదు. చిన్న బీఎస్ఏ మార్టినీ .22 మాత్రం, పాతది మంచిది దొరికితే, కళ్ళు మూసుకుని తీసుకోండి. పిల్లలకు నేర్పడానికి నాకు తెలిసినంతలో అంత మంచి రైఫిల్ లేదు. మా అమ్మాయి దానిమీదే నేర్చుకుంది, ఇప్పుడు నాకంటే బాగా కొడుతుంది, ఆ సంగతి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది కూడా.

స్కాట్లండ్ వాడు జాన్ ఫార్కర్సన్ 1872లో పేటెంటు చేసిన యాక్షన్ వాసనతో 1967లో బిల్ రూగర్ తెచ్చినది రూగర్ నంబర్ వన్. సుత్తి లోపలే, సేఫ్టీ బొటనవేలి కింద, గుల్లను బయటికి విసురుతుంది, నేటి పెద్ద తూటాలను వేటినైనా తట్టుకుంటుంది. దుప్పి, ఎల్క్ వేటకు వెళ్ళేవాళ్ళకు, స్కోపు పెట్టుకునేవాళ్ళకు ఇదే. దీని మీద పాత ఫిర్యాదు ఒకటుంది, ముందు చెక్క బ్యారెల్ కింద ఒక కడ్డీకి బిగించి ఉంటుంది, ఆ కడ్డీ ఒత్తిడిని బట్టి ఒక్కో రైఫిల్ ఒక్కో రకంగా కాలుస్తుంది. కొన్ని అద్భుతం, కొన్ని అలిగిన కోడలు. ఈ మధ్య పరిమితంగానే వస్తున్నాయి కాబట్టి ధరలు రెండు వేల డాలర్ల చుట్టుపక్కల, పైన కూడా. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అమ్మేవాడితో కలిసి రేంజ్‌కు వెళ్ళి ఐదు తూటాలు కాల్చి చూడండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.

నడుము దగ్గర విరిచే బ్రేక్ యాక్షన్లు చవక, తేలిక, నేర్చుకోవడం ఐదు నిమిషాలు. న్యూ హాంప్‌షైర్‌లోని థాంప్సన్ సెంటర్ 1967లో తెచ్చిన కంటెండర్‌లో ఒకే ఫ్రేముకు బ్యారెళ్ళు మార్చుకోవచ్చు. హెన్రీ, సీవీఏ లాంటివి వెయ్యి డాలర్ల లోపు వస్తాయి. జర్మనీ వాళ్ళ బ్లేజర్ కె95 లాంటివి కొండల మీద మోయడానికి, ఐదారు పౌండ్ల బరువే, ధర మాత్రం కారు డౌన్‌పేమెంటు. ఈ రకం మీద నాకు ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. ఏడాదికి రెండుసార్లు వేటకు వెళ్ళేవాళ్ళకు ఇది చాలు, మిగతాదంతా చదవనక్కర్లేదు.

ఇక చేయించుకోవడం. దీనిలో మూడు దారులున్నాయి, డబ్బు ఎక్కువ పోగొట్టుకునేది మొదటి దారిలోనే. పాత ఒరిజినల్ కొని దానికి కొత్త బ్యారెల్, కొత్త కర్ర (భుజానికి ఆనించే చెక్క భాగం) వేయించడం. 1898లోపు తయారైనది ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన వస్తువు కాబట్టి కొనడం సులువు అని చాలామంది ఇటు వెళ్తారు. నేనూ వెళ్ళాను. గన్ షోలో ఒక రోలింగ్ బ్లాక్ చూశాను, బయట ఉక్కు రంగు అద్దంలా ఉంది, బ్యారెల్ లోపల టార్చ్ వేసి చూడాలన్న ఆలోచనే రాలేదు, వేళ్ళతో తడిమి మురిసిపోయి డబ్బులిచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే లోపల బావి గోడలా గుంటలు. కొత్త బ్యారెల్ వేయించడానికి ఒక షాపులో ఇచ్చాను, ఆరు నెలలన్నారు, పద్నాలుగు నెలలయ్యాయి, వచ్చాక దిమ్మ, సుత్తి తిరిగే పిన్నులు వదులుగా ఉన్నాయని తేలింది, ఆ పిన్నుల రంధ్రాలు నూటికి పైగా ఏళ్ళ నుంచి అరుగుతున్నాయి కదా. మొత్తం ఖర్చు లెక్కేస్తే కొత్త పెడర్సోలీ వచ్చేది, జేబులో కొంత మిగిలేది. పైగా ఒరిజినల్ బ్యారెల్ తీసేసిన మరుక్షణం సేకరించేవాళ్ళకు దాని విలువ సగం కూడా ఉండదు. పాత ఉక్కు గురించి ఇంకో మాట, .45-70 అనే పాతకాలపు తూటాకు నేటి ప్రమాణం చదరపు అంగుళానికి 28,000 పౌండ్లు మాత్రమే, అంటే .30-06లో సగం కూడా కాదు. అయినా పాత ఫ్రేముల్లో కొన్నిటికి అదీ ఎక్కువే కావచ్చు, తెలిసినవాడు చూసి చెప్పేదాకా ఫ్యాక్టరీ తూటా పెట్టకండి.

రెండో దారి, కొత్తగా చేసిన మంచి రైఫిల్ కొని మీ ఒంటికి తగినట్టు మార్చుకోవడం. ఇది అందరికీ నా సలహా. షాపులో దొరికే కర్రలన్నీ ఆరడుగుల మనిషిని దృష్టిలో పెట్టుకుని కోసినట్టుంటాయి, మనవాళ్ళలో ఐదడుగుల ఆరంగుళాల వాళ్ళం ఎక్కువ, కర్ర పొడవు అరంగుళం తగ్గిస్తే, బుగ్గ ఆనే చోటు కొంచెం సవరిస్తే రైఫిలే మారిపోతుంది. ఆ పనికి వారం చాలు, ఖర్చు కొద్దిగా.

మూడోది మొదటి నుంచీ చేయించుకోవడం, యాక్షన్ ఒకచోట, బ్యారెల్ ఒకచోట, అక్రోట్ కర్ర మీరు ఎంచుకున్నది, అన్నీ ఒక్క మనిషి కూర్చోబెట్టి ఆకురాయితో, ఉలితో, సాన కాగితంతో ఏడాదో రెండేళ్ళో. ఇది డబ్బున్నవాళ్ళ పని అని కొట్టేయను, జీవితంలో ఒక్కసారి చేయించుకున్నా తప్పులేదు. కానీ ఆయనను ఇవి అడగాలి. యాక్షన్ ఎవరు చేశారు, ఉక్కుకు పదును ఎవరు పెట్టారు, పెట్టాక గట్టితనం కొలిచారా, కాగితం ఉందా. "నేనే కొలిమిలో పెట్టాను, రంగు చూస్తే తెలుస్తుంది" అంటే దండం పెట్టి వచ్చేయండి. రిసీవర్ మీద నీలం, గోధుమ, ఊదా కలిసిన నెమలి రంగులు ఎముకల బొగ్గులో కాల్చి తెచ్చిన నిజమైన పైపొర పదునా, రసాయనంతో పూసిన వేషమా అని కూడా అడగండి, రెండోది అయితే మోసం కాదు, కానీ మొదటిదాని ధర ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువ ఒత్తిడి తూటాతో దూరం నుంచి పరీక్షించారా లేదా. బ్రిటన్, జర్మనీ, ఇటలీల్లో అమ్మే ప్రతి తుపాకీనీ ప్రభుత్వం గుర్తించిన ప్రూఫ్ హౌస్‌లో కాల్చి ముద్ర వేయాలని చట్టముంది, అమెరికాలో లేదు. పెద్ద కంపెనీలు వాటంతట అవి పాటిస్తాయి. చిన్న షాపులో అది ఆయన మనస్సాక్షి మీద ఉంటుంది. అందుకే ఇటలీ రెప్లికా (పాతదాని కొత్త నకలు) మీద ఉన్న ఆ చిన్న ముద్రలను నేను అలంకారం అనుకోను.

లైసెన్సు ఉందా అని కూడా అడగాలి, సొంతానికి చేసుకోవడం వేరు, అమ్మడానికి చేయడం వేరు, రెండోదానికి ఫెడరల్ లైసెన్సు తప్పనిసరి. "స్నేహం మీద చేసిస్తా, కాగితాలు ఎందుకు" అనేవాడి దగ్గర, ఎంత పనివాడైనా, పని పెట్టుకోవద్దు. ముఖ్యంగా వలస కాగితాలతో బతికే మనం.

ఇక ఎవరికి ఏది అంటే, బ్లాక్ పౌడర్ సిలౌట్ ఆట ఆడాలనుకుంటే, 200 మీటర్ల కోళ్ళ దగ్గర మొదలై 300లో పందులు, 385లో టర్కీలు, 500 మీటర్ల పొట్టేళ్ళ దాకా ఇనుప బొమ్మలను పడగొట్టే ఆట అది, హై వాలే తీసుకోండి, .45-70లో. షార్ప్స్ మీద మోజు చంపుకోలేకపోతే బిగ్ టింబర్ వాళ్ళకు ఆర్డరు పెట్టి ఓపిక పట్టండి, ఆ లోపు ఎవరిదైనా అడిగి ఒక రోజంతా కాల్చి భుజం ఏమంటుందో చూడండి, నాకు తెలిసిన ఇద్దరు అలా కాల్చాక ఆర్డరు రద్దు చేసుకున్నారు. వేటకైతే రూగర్, బడ్జెట్ తక్కువైతే హెన్రీ. పిల్లలకు చిన్న మార్టినీ. రోలింగ్ బ్లాక్ ఇష్టపడేవాళ్ళు కొత్త రెప్లికా కొనండి, పాతదైతే టార్చ్ మర్చిపోవద్దు. నాది ఇప్పటికీ గోడకు ఉంది, వచ్చే వేసవిలో ఆ పిన్నులు మార్పించాలి, ఈసారి ఇచ్చేముందు గడువు కాగితం మీద రాయించుకుంటాను.